చెకుముకి తుపాకీ ఉన్న ఇంటికి చిట్కాలు

మన ఊళ్లలో నాటు తుపాకీ అనగానే అడవి పందులు, పోలీసు కేసులు గుర్తొస్తాయి. అమెరికాలో అదే జాతి తుపాకీ, అంటే మూతిలోంచి మందు పోసి గుండు దట్టించి పేల్చేది, బుద్ధిగా ఉద్యోగాలు చేసుకునేవాళ్ల శనాదివారాల సరదా. 1933లో పుట్టిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ దీనికి పెద్ద దిక్కు. అక్కడ స్థిరపడ్డ మనవాళ్లలో ఎవరికైనా ఇటు మనసు పోతే, ఏది కొనాలో చెప్పడానికి దుకాణం నిండా జనం ఉంటారు. కొని ఇంటికి తెచ్చాక ఏం చేయాలో చెప్పేవాళ్లు మాత్రం కరువు. ఈ సరదాలో పేల్చడం పావు వంతు ఉంటే ఎక్కువ. మిగతాదంతా గుడ్డ, నీళ్లు, నూనె, ఓపిక. అంటే ఇంటి పనే. అందుకని ఇంటి చిట్కాల వరసలోనే రాస్తున్నాను.

1. కాగితాలు ముందు, తుపాకీ తర్వాత.

అమెరికా 1968 నాటి గన్ కంట్రోల్ చట్టం పాత పద్ధతి మజిల్ లోడర్లను ‘యాంటిక్’ కోవలో వేసి, మామూలు తుపాకుల లెక్కలోంచి తప్పించింది. చాలా రాష్ట్రాల్లో పార్సిల్‌లో ఇంటికే వచ్చేస్తాయి. అలాగని అన్నిచోట్లా ఇదే రూలు అనుకుంటే చిక్కుల్లో పడతారు. మనవాళ్లు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీలోనే వీటికి కూడా రాష్ట్రం ఇచ్చే ఫైర్‌ఆర్మ్స్ ఐడీ కార్డు కావాలి. ఇక హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. యాంటిక్ తుపాకీ ఆ నిషేధంలోకి రాదనే వాదన ఉంది. అయినా గ్రీన్‌కార్డు క్యూలో నిలబడ్డ మనిషి ఇలాంటి విషయాల్లో సొంత తెలివిని నమ్ముకోకుండా ఇమిగ్రేషన్ లాయరుకు ఒక ఫోన్ కొట్టడం నయం.

ఇండియాలో సంగతి వేరు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం మజిల్ లోడరుకీ లైసెన్సు ఉండాల్సిందే.

2. మొదటిసారి అరువు తుపాకీతోనే పేల్చండి.

ఇండియానా రాష్ట్రం ఆగ్నేయ మూలన ఫ్రెండ్‌షిప్ అని చిన్న ఊరుంది. పైన చెప్పిన అసోసియేషన్‌వాళ్ల వాల్టర్ క్లైన్ రేంజ్ అక్కడే. ఏటా జూన్‌లో ఒకసారి, సెప్టెంబరులో ఒకసారి దేశం నలుమూలల నుంచీ జనం దిగుతారు. సిన్సినాటి చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఇది దగ్గరే. జింక తోలు చొక్కాలు, గుడారాలు, కమ్మరి కొలుములు, వీటన్నిటి మధ్య పొగ. మీ రైఫిల్ ఏమిటని అడిగి చూడండి, పది నిమిషాల్లో దాన్ని మీ చేతిలో పెట్టి, గుండు ఎలా దట్టించాలో పక్కనే నిలబడి చెప్పే పెద్దాయన ఎవరో ఒకరు తగులుతారు. ఈ సరదాలో ముసలివాళ్లు ఎక్కువ, నేర్పడానికి వాళ్లకున్న తీరిక ఇంకా ఎక్కువ.

అంతర్యుద్ధం నాటి తుపాకుల మీద మోజుంటే వర్జీనియాలో వించెస్టర్ దగ్గర ఫోర్ట్ షెనన్‌డోవా ఉంది. 1950లో మొదలైన నార్త్-సౌత్ స్కర్మిష్ అసోసియేషన్ పోటీలు పెట్టేది అక్కడ.

3. టోపీయా, రాయా తేల్చుకోండి.

రెండు రకాలున్నాయి. ఫ్లింట్‌లాక్‌లో చెకుముకి రాయి వెళ్లి ఫ్రిజెన్ అనే ఉక్కు పలకను గీరుతుంది. రవ్వలు పక్కనున్న చిన్న పళ్లెంలో పోసిన రంజకం, అంటే అంటించే మందు, మీద పడతాయి. అది భగ్గుమని మండి, గొట్టం పక్కనున్న సన్న రంధ్రంలోంచి లోపలి మందును అంటిస్తుంది. రెండోది క్యాప్‌లాక్. చిన్న రాగి టోపీని నిపుల్ అనే బుడిపె మీద తొడిగితే, సుత్తి దెబ్బకు అది పేలి లోపలికి మంట పంపుతుంది. ఈ రెండో పద్ధతికి పునాది వేసింది అలెగ్జాండర్ ఫోర్సైత్ అనే స్కాట్లాండు చర్చి పాస్టరు. పళ్లెంలో మెరుపు చూసి, గుండు చేరేలోపే బాతులు తప్పించుకుంటున్నాయని ఆయనకు బెంగ. దెబ్బకు మండే మందుతో 1807లో పేటెంటు తీసుకున్నాడు. వేటగాడి చిరాకు ఎంత పని చేస్తుందో చూడండి.

నన్నడిగితే మొదటి తుపాకీ క్యాప్‌లాక్ తీసుకోండి. తేమలోనూ మాట వింటుంది. ఒకే ఒక్క మినహాయింపు పెన్సిల్వేనియా. అక్కడ క్రిస్మస్ తర్వాత వచ్చే ప్రత్యేక జింకల వేట సీజను 1974 నుంచీ ఫ్లింట్‌లాకులకే. ఆ రాష్ట్రంలో ఉంటూ టోపీ తుపాకీ కొంటే, మంచులోకి వెళ్లే పొరుగువాళ్లకు చెయ్యి ఊపడమే మిగులుతుంది.

ఆకారాల విషయానికొస్తే పొడుగాటి పెన్సిల్వేనియా రైఫిల్ ఒకటి, పొట్టిగా బలిష్ఠంగా ఉండే హాకెన్ ఒకటి. మొదటిది 18వ శతాబ్దంలో లాంకాస్టర్ ప్రాంతపు జర్మన్ వలసదారులు తమ దేశపు పొట్టి యేగర్ రైఫిల్‌ను సాగదీసి, నెమలిపింఛంలా చారలు తేలే మేపుల్ చెక్కలో కూర్చిన అందం. రెండోది సెయింట్ లూయిస్‌లో జేకబ్, శామ్యూల్ హాకెన్ అన్నదమ్ములు పడమటి కొండల్లో బీవర్ల వేటకు పోయేవాళ్ల కోసం చేసిన మొండి తుపాకీ. థాంప్సన్ సెంటర్ కంపెనీ 1970లో తన హాకెన్‌ను దించడం, 1972లో హాకెన్ కనిపించే రాబర్ట్ రెడ్‌ఫర్డ్ సినిమా ‘జెరెమియా జాన్సన్’ రావడం కలిసొచ్చి, ఇవాళ పాత తుపాకుల బజారులో దొరికే సగం మజిల్ లోడర్లు ఆ పోలికవేననిపిస్తుంది. చేతులు చిన్నవైతే, గుమ్మాలు తక్కువ ఎత్తువైతే హాకెన్. అందం మీద మక్కువైతే పొడుగుది. ఎడమచేతి వాటంవాళ్లు ఎడమవైపు లాక్ ఉన్నదే అడిగి తీసుకోండి. కుడి లాక్ ఫ్లింట్‌ను ఎడమ భుజానికి ఆనిస్తే పళ్లెం ముఖానికి ఎదురుగా ఉంటుంది.

4. గొట్టం మీద రాత చదవకుండా డబ్బులివ్వకండి.

ఇటలీలో చేసిన వాటి మీద గార్డోనే వాల్ ట్రోంపియా పరీక్షాశాల ముద్రలుంటాయి. వాటిలో ‘పీఎన్’ అన్న అక్షరాలుంటే నల్లమందుతో, అంటే బ్లాక్ పౌడరుతో, పరీక్షించారని అర్థం. వీటి పక్కన, అగ్గువగా, ఇండియాలో చేసిన మస్కెట్లు కూడా అమ్ముతారు. చూడటానికి ముచ్చటగా ఉంటాయి. మనవాళ్ల పనితనమని గుండె ఉప్పొంగడమూ సహజమే. కానీ వాటిలో చాలావరకు రంజకపు రంధ్రం తొలవకుండా, అలంకారపు వస్తువులుగా ఓడ ఎక్కుతాయి. గొట్టాన్ని ఏ పరీక్షాశాలా ముట్టుకుని ఉండదు. డ్రిల్లుతో ఒక బెజ్జం పెడితే అయిపోయిందనుకునే మేధావులు ఉన్నారు. దాన్ని గోడకు తగిలించండి, భుజానికి ఆనించకండి.

వాడిన తుపాకీ కొంటుంటే ముందు రామ్‌రాడ్‌ను, అంటే గుండు దట్టించే కడ్డీని, లోపలికి దించి చూడండి. కడ్డీ దిగిన లోతు, బయట నుంచి కొలిస్తే గొట్టం అడుగుదాకా వచ్చే లోతు సరిపోవాలి. రెండంగుళాలు తేడా వచ్చిందంటే లోపల ఎవరో ఎప్పుడో దట్టించిన మందు, గుండు ఇంకా ఉన్నాయన్నమాట. తాతగారి అటక మీద నుంచి దించిన తుపాకుల్లో ఇది అరుదేమీ కాదు.

5. నల్లమందు తప్ప ఇంకేమీ వద్దు.

దీపావళికి ఇంట్లో చిచ్చుబుడ్లు కూరిన కుటుంబాలకు సురేకారం, గంధకం, బొగ్గు పేర్లు కొత్తవి కావు. నల్లమందులో ఉండేవీ అవే. అందుకే మనవాళ్లకు ‘ఇంట్లోనే చేసుకుందాం’ అనే దురద పుట్టే ప్రమాదముంది. వద్దు. కంపెనీ డబ్బా కొనండి. అలాగే ఈ డబ్బాలోంచి చెంచాడు తీసి పిల్లలకు మతాబు చేసిపెట్టే ఆలోచన కూడా వద్దు.

గింజ సైజును బట్టి డబ్బా మీద ఎఫ్‌లు పెరుగుతాయి. రెండు ఎఫ్‌ల మందు 50 క్యాలిబరు, ఆపైన ఉన్నవాటికి, మూడు ఎఫ్‌ల సన్నది 45, అంతకంటే చిన్నవాటికి అన్నది పాత లెక్క. నాలుగు ఎఫ్‌ల పిండిలాంటిది పళ్లెంలో రంజకానికే. పైరోడెక్స్ లాంటి ప్రత్యామ్నాయాలు క్యాప్‌లాక్‌లో నడుస్తాయి కానీ అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి కాబట్టి చెకుముకి రవ్వకు మొరాయిస్తాయి. ఇక ఇప్పటి తూటాల్లో ఉండే పొగరాని మందు ఒక్క చిటికెడు కూడా ఇందులో పడకూడదు. దాని ఒత్తిడికి గొట్టం చీలిపోతుంది, దాని వెనకే వేళ్లూ, కళ్లూ పోతాయి.

కొలత గ్రెయిన్లలో. పౌండుకు 7,000 గ్రెయిన్లు. 60 చొప్పున పోసుకుంటే పౌండు డబ్బా వంద పైచిలుకు పేలుళ్లకు వస్తుంది. ఎంత పోయాలన్నది తుపాకీతో వచ్చిన పుస్తకం చెబుతుంది. అందులోని కనిష్ఠం దగ్గర మొదలుపెట్టండి. కాగితం మీద గురి చూసేవాడికి గరిష్ఠం దాకా పోయే అవసరం దాదాపు రాదు.

6. డబ్బా ఎక్కడ పెడుతున్నారు?

అమెరికన్ ఇళ్లలో ఏదైనా దాచాలంటే గరాజే. ఆ గరాజు మూలనే గ్యాస్ వాటర్ హీటరు, దాని అడుగున ఎప్పుడూ వెలిగే చిన్న మంట. మందు డబ్బా అక్కడ పెట్టకూడదు. ఫర్నేస్ గదిలో పెట్టకూడదు. పూజ గది అలమరలో ఖాళీ ఉందని అక్కడ అసలే పెట్టకూడదు. కంపెనీ డబ్బాలోనే, మూత బిగించి, చల్లగా పొడిగా ఉన్నచోట, పిల్లల చేతికి అందకుండా, టోపీల పెట్టెకు దూరంగా. ఇంట్లో ఎంత ఉంచుకోవచ్చన్నది మీ ఊరి ఫైర్ డిపార్టుమెంటును అడిగితే చెబుతారు.

7. గుడ్డ విషయంలో పిసినారితనం పనికిరాదు.

గుండు గొట్టం కంటే కాస్త చిన్నది. 50 క్యాలిబరుకు మామూలుగా 0.490 అంగుళాల గుండు వాడతారు. ఆ ఖాళీని పూడ్చి, గొట్టంలోని మెలి గాడులను పట్టుకుని గుండును తిప్పేది దాని చుట్టూ ఉండే గుడ్డ ముక్క. కనుక గురి సగం గుడ్డలో ఉంది. నూరు శాతం నూలుదే కావాలి. పాలియెస్టరు కలిసిందంటే కరిగి గొట్టానికి అతుక్కుంటుంది. దిండ్లకు వాడే చారల టికింగ్ గుడ్డ అమెరికా బట్టల కొట్లలో గజాల లెక్కన దొరుకుతుంది. దళసరి 0.015 అంగుళాల చుట్టూ ఉన్నది చూసుకుని, గంజి పోయేలా ఒకసారి ఉతికి, ఆరబెట్టి వాడండి.

నాన్నగారి పాత నూలు పంచెలు వాడొచ్చా అంటే, గుండు చుట్టూ కాదు. ఉతికి ఉతికి పల్చబడిన నేత మంటకు నిలవదు. కానీ గొట్టం తుడవడానికి వాటిని మించింది లేదు. దూది రాలదు, నీళ్లు పీల్చుకుంటుంది. చతురస్రాలుగా కత్తిరించి ఒక డబ్బా నింపి పెట్టుకోండి.

8. గుడ్డకు పూసే కొవ్వు ఏమిటో మీరే నిర్ణయించుకోండి.

గుడ్డ పొడిగా దిగితే కాలిపోతుంది, మసి గట్టిపడుతుంది. పాత వేటగాళ్లు గొడ్డు కొవ్వు, ఎలుగుబంటి నూనె పూసేవాళ్లు. మనకిది కొత్త గొడవేమీ కాదు. 1857లో సిపాయిల చేతికొచ్చిన 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ కూడా మూతిలోంచి దట్టించే తుపాకీయే. దాని కాగితపు తూటాను పంటితో కొరికి విప్పాలి. ఆ కాగితానికి ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారన్న మాట బారకాసుల్లో పాకి, తర్వాత జరిగింది పాఠ్యపుస్తకాల్లోకెక్కింది. అదే ఎన్‌ఫీల్డ్ నాలుగేళ్లకు అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలకూ పనిచేసింది. ఇవాళ దాని నకలు పట్టుకుని వించెస్టరులో పోటీలకు దిగేవాళ్లు ఎందరో. అంతటి చరిత్ర ఉన్న కొవ్వు మీకు పట్టకపోతే దిగులు లేదు: తేనెమైనం, ఆలివ్ నూనె కలిపి సన్నసెగ మీద కరిగించి చల్లారిస్తే, వేలితో తీసి రాసుకునే పూత తయారవుతుంది. ఎండాకాలం మైనం కాస్త ఎక్కువ, చలికాలం నూనె కాస్త ఎక్కువ. కొబ్బరి నూనె కలిపేవాళ్లూ ఉన్నారు కానీ చలికి అది గడ్డకడుతుందని మనకు చెప్పక్కర్లేదు.

కారు నూనెలు, పెట్రోలియం గ్రీజులు మాత్రం వద్దు. నల్లమందు మసితో కలిస్తే తారులా పట్టేస్తాయి.

9. దట్టించడానికి ఒక వరస ఉంది, మాటల్లో పడి దాన్ని తప్పకండి.

కళ్లద్దాలు, చెవి రక్షణ పెట్టుకున్నాక: నిల్వ నూనె పోయేలా పొడిగుడ్డతో గొట్టం తుడవండి. క్యాప్‌లాక్ అయితే ఖాళీ గొట్టం మూతిని నేల మీది గడ్డిపరకకు దగ్గరగా వంచి ఒక టోపీ పేల్చి చూడండి. పరక ఊగితే దారి ఖాళీగా ఉన్నట్టు. ఊగకపోతే నిపుల్‌లో నూనె అడ్డుపడ్డట్టు. ఆ తర్వాత మందు. మందు నింపుకునే కొమ్ములోంచి కొలత గిన్నెలోకి, గిన్నెలోంచి గొట్టంలోకి. కొమ్మునే నేరుగా గొట్టం మీద వంచడం సినిమాల్లో చూడటానికి బావుంటుంది. లోపల కిందటి పేలుడు తాలూకు నిప్పు నలుసు ఒక్కటి మిగిలి ఉన్నా, మీ చేతిలో ఉన్నది కొమ్ము నిండా మందున్న బాంబు.

మూతి మీద గుడ్డ పరిచి, గుండు పెట్టి, పొట్టి స్టార్టరుతో లోపలికి నొక్కి, ఆపైన రామ్‌రాడ్. కడ్డీని పైన ఎక్కడో పట్టుకుని బలంగా తోస్తే చెక్క కడ్డీ ఏటవాలుగా విరిగి అరచేతిలో దిగుతుంది. జానెడు జానెడు పట్టుకుంటూ దించండి. గుండు మందును తాకి ఆగాలి. మధ్యలో ఖాళీ మిగిలితే పేలినప్పుడు గొట్టం ఉబ్బుతుంది. అందుకే మొదటిసారి సరిగ్గా కూర్చున్నాక కడ్డీ మీద మూతి దగ్గర చాకుతో ఒక గీత పెట్టండి. ఖాళీ గొట్టానికి ఇంకో గీత. ఇక ఆ రెండు గీతలే మీకు లెక్కలు చెబుతాయి.

ముఖం మూతికి పక్కగా ఉండాలి. రంజకం పోయడం, టోపీ తొడగడం అన్నిటికంటే చివర, గురి వైపు తిరిగి నిలబడ్డాక. మీరు దట్టిస్తున్నప్పుడు ఎవరైనా కబుర్లు మొదలెడితే చెయ్యి చూపించి ఆపండి. మర్యాదకు పోయి మాట కలిపితే మందు పోయకుండానే గుండు దించేస్తారు. ప్రతి క్లబ్బులోనూ అందరూ నవ్వుకునే ప్రమాదం అదే. దాన్ని వెనక్కి లాగడానికి స్క్రూ ఉన్న కడ్డీ ఒకటి పెట్టెలో ఉంచుకోండి.

10. రాయిని తోలులో చుట్టి బిగించండి.

ఇంగ్లండులోని బ్రాండన్ ఊరి నల్లరాయి పేరుగాంచింది, ఫ్రెంచి రాయి తేనెరంగులో ఉంటుంది. రెండూ పనిచేస్తాయి. రాయికీ దాన్ని పట్టుకునే సుత్తి దవడలకూ మధ్య పల్చటి తోలు ముక్క లేకపోతే పట్టు దొరకదు, రాయీ పగులుతుంది. సుత్తిని సగం ఎత్తులో ఆపినప్పుడు రాయి అంచు ఫ్రిజెన్‌ను దాదాపు తాకుతూ, పూర్తి వెడల్పునా సమానంగా ఉండాలి. రవ్వలు తగ్గితే రాయి పారేయకండి. అంచు మీద మసి తుడిచి చూడండి, అప్పటికీ రాకపోతే చిన్న ఇత్తడి కడ్డీతో అంచును సన్నగా చిట్లించండి. కొత్త అంచు వస్తుంది. అద్దాలు మాత్రం తీయకండి, ఆ పెచ్చులు గాజుముక్కలతో సమానం.

11. రంజకం తక్కువే మేలు.

పళ్లెం నిండా పోస్తే గట్టిగా పేలుతుందనుకోవడం పొరపాటు. రంధ్రం మూసుకుపోయేలా పోస్తే అది వత్తిలా నెమ్మదిగా కాలి లోపలికి చేరుతుంది, ఈలోగా మీ గురి తప్పుతుంది. పళ్లెంలో మూడో వంతు చాలు. తేమ ఉన్న రోజున మసి చెమర్చి పళ్లెం అడుగున నల్లటి బురద కడుతుంది. ప్రతిసారీ వేలితో కాక గుడ్డతో తుడిచి, కొత్త రంజకం పోయండి.

12. పేలకపోతే కదలకండి.

‘టక్’మని ఆగిపోయిందా? మూతి గురి వైపే ఉంచి నిమిషం నిలబడండి. లోపల నిప్పు రాజుకుంటూ ఉండొచ్చు. తుపాకీని తిప్పి ‘ఏమైంది’ అని మూతిలోకి చూడటం కంటే ప్రమాదకరమైన పని ఈ సరదాలో ఇంకోటి లేదు. నిమిషమయ్యాక రంధ్రాన్ని సూదితో పొడిచి, కొత్త రంజకం వేసి మళ్లీ చూడండి.

13. రాలిన గుడ్డలు ఏరండి.

కొత్తవాళ్లు కాగితం దగ్గరికి పరిగెడతారు. అనుభవజ్ఞులు ముందు నాలుగడుగులు వేసి గడ్డిలో గుడ్డ ముక్కలు వెతుకుతారు. గుండును వదిలి రాలిన ముక్క నిండుగా, మధ్యలో బూడిదరంగు గుండ్రటి మచ్చతో, దాని చుట్టూ గాడుల చారలతో ఉంటే అంతా సవ్యం. మధ్యలో కాలి చిల్లు పడితే గుడ్డ పల్చన, లేదా పూత చాలలేదు. అంచుల్లో కోసినట్టు చీలితే కొత్త గొట్టం గాడులు ఇంకా పదునుగా ఉన్నాయి, పేల్చగా పేల్చగా నునుపెక్కుతాయి. పీలికలై దొరికితే మందు ఎక్కువ పోస్తున్నారు. గురి కుదరలేదని కంటిచూపును తిట్టుకునే ముందు ఈ ముక్కలను వరసగా బల్ల మీద పేర్చి చూడండి.

14. ఇంటికి రాగానే కడగండి. రేపు అనొద్దు.

నల్లమందు కాలాక సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసి గాల్లో తేమను లాగి ఒక్క రాత్రిలో గొట్టాన్ని తుప్పు పట్టించగలదు. హ్యూస్టన్ ఉక్కలో అయితే రాత్రి దాకా కూడా ఆగదు. ఖరీదైన ద్రావకాల సీసాలు బోలెడు అమ్ముతారు. మసి నీళ్లలో కరుగుతుంది కాబట్టి నీళ్లే అసలు మందు.

ముందు తుపాకీ ఖాళీగా ఉందని కడ్డీ మీది గీతతో తేల్చుకోండి. రంజకపు రంధ్రంలో అగ్గిపుల్లో టూత్‌పిక్కో బిగించి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు అంట్ల సబ్బు వేసి గొట్టంలో పోయండి. బొటనవేలితో మూతి మూసి ఒకసారి తలకిందులు చేసి, రెండు మూడు నిమిషాలు ఉంచి పారబోయండి. మొదటి నీళ్లు సిరాలా నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తాయి. గంధకం మహిమ. రెండోసారి బూడిదరంగు, మూడోసారి దాదాపు తేట. ఆపైన కడ్డీ చివర పంచె ముక్కలు తొడిగి, తెల్లగా బయటికొచ్చేదాకా తుడవండి. మరిగే నీళ్లు పోస్తే తొందరగా ఆరుతుందని కొందరంటారు, కానీ వేడి ఉక్కు మీద అప్పటికప్పుడే ఎర్రటి తుప్పు పొర లేస్తుంది. గోరువెచ్చనివే మంచివి.

లాక్‌ను విప్పి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కీళ్లకు చుక్క నూనె. క్యాప్‌లాక్ నిపుల్ విప్పి, మరలకు గ్రీజు రాసి మళ్లీ బిగించండి. గొట్టం లోపల పల్చగా తుపాకీ నూనె పట్టించి, రాత్రికి మూతి కిందికి ఉండేలా ఆనించండి. నూనె రంధ్రం వైపు చేరదు. మర్నాడు మళ్లీ ఒక తెల్లగుడ్డ దించండి. గోధుమరంగు కనిపిస్తే ఇంకోసారి నూనె.

దోసె పెనంలా తుపాకీ గొట్టం కూడా వాడగా వాడగా ‘పదునెక్కుతుంది’, అందుకని సబ్బు తగలనివ్వకూడదు అని వాదించేవాళ్లు ప్రతి రేంజిలోనూ తగులుతారు. పెనం పోత ఇనుము, గొట్టం ఉక్కు. వాళ్ల గొట్టాల్లో పదును పేరుతో పేరుకున్నది మసి, తుప్పు. నవ్వి ఊరుకోండి.

ఈ పనంతా పెరట్లో, వేరే బకెట్టుతో. వంటింటి సింకు దగ్గరకు తెస్తే ఇంట్లో మిగిలినవాళ్లు ఊరుకోరు, వాళ్లది న్యాయం కూడాను. ఆ మసిలో సీసం ఉంటుంది.

15. సీసంతో చనువు వద్దు.

గుండ్లు మెత్తటి స్వచ్ఛమైన సీసంతో చేసినవి. పాత కాలపు వేటగాళ్లు నోట్లో పెట్టుకుని పరిగెత్తేవాళ్లట. మీరు ఆ సంప్రదాయాన్ని కాపాడనవసరం లేదు. పేల్చాక చేతులు సబ్బుతో కడగకుండా పులిహోర డబ్బా తెరవకండి. ఆ రోజు వేసుకున్న బట్టలు పిల్లల బట్టలతో కలిపి ఉతకొద్దు. సొంతంగా గుండ్లు పోయాలనే ఉత్సాహం ఉంటే ఆరుబయటే, దానికంటూ వేరే పాత్రలో, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున. కరిగిన సీసంలో ఒక్క నీటిచుక్క పడితే ఆవిరై మొత్తాన్ని ముఖం మీదకు చిమ్ముతుంది. కొత్తవాళ్లకు నా సలహా: కొనుక్కోండి.

16. చెక్కకు అవిసె నూనె, గుడ్డకు చోటు.

ఏడాదికి ఒకటి రెండుసార్లు నాలుగు చుక్కల అవిసె నూనె అరచేతితో, వేడి పుట్టేదాకా రుద్దితే మేపుల్ చారలు తేలతాయి. అసలు జాగ్రత్త ఆ తర్వాత ఉంది. అవిసె నూనె పీల్చిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో పడేస్తే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. మందు డబ్బాను ఇంత భద్రంగా దాచినవాడి ఇల్లు గుడ్డ పీలిక వల్ల కాలితే ఎలా? ఆ గుడ్డను బయట కంచె మీద పలచగా ఆరేసి, బిరుసెక్కాక పారేయండి.

17. వానాకాలం సాయంత్రాలకు కర్ర ముక్క.

ఫ్లింట్‌లాక్‌లో ట్రిగర్ నొక్కాక గుండు బయటపడే దాకా, మామూలు తుపాకీ కంటే ఒక లిప్త ఎక్కువ పడుతుంది. కళ్లముందే పళ్లెం భగ్గుమంటుంటే తల తిప్పకుండా గురి మీదే ఉండటం అలవాటు కావాలి. ఖాళీ తుపాకీలో రాయి తీసేసి, అదే కొలతలో కర్ర ముక్క బిగించి, గోడ మీది చుక్కకు గురిపెట్టి నొక్కుతూ ఉండండి. రవ్వ రాదు, ఫ్రిజెన్ అరగదు. సుత్తి పడ్డాక కూడా గురి చుక్క మీదే ఉందా లేదా అన్నదొక్కటే చూసుకోవాలి.

18. రేంజి సంచీని ఇండియా ప్రయాణానికి వాడకండి.

నల్లమందు, టోపీలు విమానంలో ఎక్కడా ఒప్పుకోరు, చెకిన్‌లోనూ, చేతిసంచీలోనూ. అది చాలామందికి తెలుసు. తట్టనిది ఇంకోటి: నెలల తరబడి మందు కొమ్ము, మసి గుడ్డలు మోసిన బ్యాక్‌ప్యాకును ఖాళీ చేసి, అందులోనే లాప్‌టాప్ పెట్టుకుని ఎయిర్‌పోర్టుకు పోతే, భద్రతా సిబ్బంది గుడ్డముక్కతో తుడిచి యంత్రంలో పెట్టినప్పుడు అది మోగే అవకాశముంది. ఆవకాయ సీసాల గురించి సంజాయిషీ చెప్పడానికే మనకు తెలుగు సరిపోదు, ఇంగ్లిషూ సరిపోదు. రేంజికి ఒక సంచీ వేరే పెట్టుకోండి, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి గరాజులో మేకుకు తగిలించండి.